పెట్టే చేతితో మాట్లాడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. కోనసీమలో ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఏడు నెలల క్రితం చేరిన డాక్టర్ గారు అడిగారు: "ఓపీకి వచ్చే పిల్లల్లో చాలామంది చిరుతిళ్ళ మీదే బతుకుతున్నారు. కొందరు బాగా లావు, కొందరు రక్తం లేక పాలిపోయి ఉన్నారు. ఎంత చెప్పినా తల్లులు 'సరేనండి' అని వెళ్ళిపోతారు. నెల తర్వాత చూస్తే చేతిలో అదే పేకెట్, అదే ఫోను. నాకు ఒక్కో పేషెంటుకు మూడు నిమిషాలు కూడా దొరకవు. ఏం చేస్తే ఇంట్లో మార్పు వస్తుంది? అడిగిన వాళ్ళందరికీ ఆకలి టానిక్కులు రాయాల్సిందేనా?"

డాక్టర్ గారూ, ఆ 'సరేనండి' దగ్గరే మొదలుపెడతాను. మన గోదావరి జిల్లాల్లో ఆ మాటకు ఒప్పుకున్నామని అర్థం కాదు. చదువుకున్నవాళ్ళు చెబుతుంటే ఎదురు చెప్పడం మర్యాద కాదు కాబట్టి అనే మాట అది. మీరు చెప్పింది వాళ్ళింట్లో ఎందుకు కుదరదో ఆవిడకు ఆ క్షణంలోనే తెలుసు. మనం అడగం, ఆవిడ చెప్పదు. నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ డెల్టాలోనే ప్రాథమిక వైద్యంలో ఉన్నాను. మొదట లంక గ్రామాల వైపు, తర్వాత భీమవరం దగ్గర చెరువుల ప్రాంతంలో, ఇప్పుడు మళ్ళీ కోనసీమలో. మొదటి ఆరేడేళ్ళు ఆ 'సరేనండి' విని మురిసిపోతూ గడిపాను.

అప్పటి సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ అబ్బాయిని తల్లి తీసుకొచ్చింది. 54 కిలోలు, మెడ వెనక నల్లబడింది. నేను చాలా శ్రద్ధగా పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం పెట్టాలో ఒక కాగితం నిండా రాసిచ్చాను: చపాతీలు, మొలకెత్తిన పెసలు, పళ్ళముక్కలు. ఆవిడ రెండు చేతులా తీసుకుంది. మళ్ళీ రాలేదు. కొన్ని నెలలయ్యాక మా ఏఎన్ఎం గారు చెప్పారు. ఆ ఇంట్లో వంట అత్తగారిది, వెచ్చాలు తెచ్చేది మామగారు. కోడలు ఆ కాగితం చూపిస్తే, "మా మనవడి నోరు కట్టేయమంటున్నాడా ఆ డాక్టరు" అని పెద్ద గొడవయిందట. ఆ కోడలు రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చిందట. నేను రాసిన కాగితంలో తప్పు లేదు. దాన్ని ఎవరి చేతిలో పెట్టానన్నదే తప్పు. వంటింట్లో ఏ అధికారమూ లేని మనిషి మీద ఇల్లంతా మార్చే భారం పెట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అప్పటినుంచి ఏ సలహా ఇచ్చే ముందైనా ఒకటే అడుగుతాను. "బాబు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా, వాడి చేతికి ఏది ఎవరిస్తారండి?" ఏం తింటాడని అడగను, ఎవరిస్తారని అడుగుతాను. ఏం తింటాడని అడిగితే పరీక్షకు జవాబు చెప్పినట్టు, "ఇడ్లీ అండి, పప్పు అండి, కూర అండి" అంటారు. ఎవరిస్తారని అడిగితే ఇల్లంతా కళ్ళముందుకొస్తుంది. పొద్దున టీలో బిస్కెట్లు తాతగారితో. బడికి వెళ్ళేటప్పుడు ఇరవై రూపాయలు నాన్న జేబులోంచి. సాయంత్రం బాబాయి బండి ముందు కూర్చుని బడ్డీ కొట్టుకు. రాత్రి అన్నం మామ్మ కలిపి ముద్దలు పెడుతుంది, ఎదురుగా ఫోను నిలబెట్టి. తల్లి చేతిమీదుగా వెళ్ళేది చాలా ఇళ్ళల్లో మధ్యాహ్నం క్యారేజీ ఒక్కటే. మరి మనం రోజూ కూర్చోబెట్టి తిడుతున్నది ఆ తల్లినే కదా.

పెట్టే చెయ్యి ఎవరిదో తెలిశాక ఆ మనిషితో మాట్లాడాలి. వాళ్ళను రప్పించాలంటే ఎలా అని మీరు అడుగుతారు. రప్పించక్కర్లేదు, వాళ్ళు మీ దగ్గరకు నెలనెలా వస్తూనే ఉన్నారు. బీపీ మాత్రలకు, షుగరు మాత్రలకు వచ్చే ఆ మామ్మలు, తాతలే వీళ్ళు. మన ఓపీలో వాళ్ళ వరుస ఎంతుంటుందో మీకు తెలుసు. నేను ఆ సంగతి గ్రహించడానికి పదేళ్ళు పట్టింది. బిడ్డను మళ్ళీ తీసుకురమ్మంటే కూలి పోతుందనో, బడి పోతుందనో రారు. కానీ మాత్రలు అయిపోతే మామ్మ తప్పకుండా వస్తుంది. అందుకని బిడ్డ చీటీ మీద మామ్మ మాత్రల తేదీ రాసుకుంటాను, మామ్మ పుస్తకం మీద బిడ్డ సంగతి ఒక ముక్క రాసుకుంటాను. ఆవిడ బీపీ చూస్తూ, "మనవడికి సాయంత్రం ఏం పెడుతున్నారండి ఇప్పుడు?" అని అడుగుతాను. అర నిమిషం పడుతుంది. మీ విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (అక్కడ ఉండే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) కూడా ఇదే చేయొచ్చు. మీరు ఊరికి వెళ్ళే రోజు అయితే ఇంకా మంచిది, మామ్మతోపాటు మనవడు కూడా ఆ పక్కనే ఆడుకుంటుంటాడు.

షుగరున్న తాతగారు అయితే మనకు ఇంకొక దారి దొరుకుతుంది. "మీకు యాభై ఏళ్ళకు వచ్చింది. ఈ బుడ్డోడికి ముప్ఫైకే రాకుండా మీరే చూడాలండి" అంటే ఆయన కళ్ళు మారతాయి. మెడ వెనక ఆ నలుపు చూపించి, ఇది మురికి కాదు, తోమితే పోదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదని చెప్పే గుర్తు అని వివరిస్తే, ఆయన మిగతా కుటుంబానికి మనకంటే గట్టిగా చెబుతారు. బెదిరించమని కాదు నా ఉద్దేశం. తాతకు మనవడి మీద ఉన్న ప్రేమే ఇప్పటిదాకా జిలేబీ కొనిపించింది. అదే ప్రేమతో ఇప్పుడు ఇంకో పని చేయించాలి.

మన ప్రాంతంలో ఇంకో రకం ఇల్లు ఉంది, దాని గురించి విడిగా చెప్పాలి. తల్లి కువైట్‌లోనో ఖతార్‌లోనో ఇంటిపనిలో ఉంటుంది, బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గర. కోనసీమలో ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. కొన్నేళ్ళ క్రితం ఎనిమిదేళ్ళ బాబును జ్వరానికని అమ్మమ్మ తీసుకొచ్చింది. ఎత్తుకు చాలా మించిన బరువు, నాలుగు పళ్ళు పుచ్చిపోయాయి. చేతికి ఏది ఎవరిస్తారని అడిగితే ఆవిడ అంది: "అన్నీ నేనేనండి. కానీ డబ్బు పంపేది వాళ్ళమ్మ. 'వాడు ఏదడిగినా కాదనకమ్మా' అని రోజూ చెప్తది. కాదంటే వాడు ఫోన్లో అమ్మకు చెప్పి ఏడుస్తాడు, అది అక్కడ ఏడుస్తది. నేనేం చేయనండి?"

ఆ ఇంట్లో పెట్టే చెయ్యి అమ్మమ్మది కాదు, సముద్రం అవతల ఉంది. అప్పుడే అక్కడికక్కడ అమ్మమ్మ ఫోన్లోంచి ఆవిడకు వీడియో కాల్ చేయించాను. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మన మధ్యాహ్నం ఆవిడకు పొద్దున పని వేళ. తలుపు చాటుకు వచ్చి నాలుగు నిమిషాలు మాట్లాడింది. నేను బరువు గురించి ఎత్తలేదు. "బాబు గురించి మీకు ఏది దిగులుగా ఉందమ్మా?" అన్నాను. కాసేపు ఊరుకుని, "వాడు నన్ను మర్చిపోతాడేమోనని అండి" అంది. నేను అనుకున్న జవాబు అది కాదు. ఆ ఇరవై, ముప్ఫై రూపాయలు రోజూ ఎందుకు వెళుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఆ పేకెట్ అమ్మ ఉన్నట్టు గుర్తు. దాన్ని తీసేయమంటే ఆవిడను ఆ ఇంట్లోంచి తీసేసినట్టే.

అందుకని మానమనలేదు. ఆ డబ్బును ఇంకో రకంగా అమ్మ ఇచ్చినట్టు చేయొచ్చా అని ఆవిడనే అడిగాను. ఆలోచించి చెప్పింది ఆవిడే: ఇంట్లో మూలన తుప్పుపట్టిన సైకిలు ఉందని, రోజుకు ఇరవై చొప్పున డబ్బాలో వేయించి అది బాగుచేయిస్తానని, రోజూ కాల్‌లో డబ్బా గలగలలాడించి చూపించమంటానని. ఆదివారం ఒక్కరోజు మాత్రం వాడిష్టం. రెండు నెలల్లోపే టైర్లు, చైను మార్చారు. వాడు ట్యూషన్‌కు సైకిల్ మీద వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలకు వాడి బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు, అలాగని పెరగనూ లేదు. ఎత్తు మాత్రం నాలుగు సెంటీమీటర్లు పెరిగాడు. ఎదిగే బిడ్డలో ఇదే మనకు కావలసింది. ఈ సంగతి కుటుంబాలకు ముందే చెప్పకపోతే "ఇంత చేసినా తగ్గలేదండి" అని నిరుత్సాహపడతారు. ఫోను చూస్తూ అన్నం తినడం మాత్రం ఆ ఇంట్లో ఎంత ప్రయత్నించినా మానలేదు. ఆ వేళకే అమ్మ కాల్ వస్తుంది. ఇక దాన్ని నేను అడగడం మానేశాను.

ఇప్పుడు మాట్లాడే పద్ధతి. 1983లో విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త మద్యం మానలేకపోతున్న వాళ్ళ కోసం రాసిన పద్ధతి ఒకటుంది. బోధించకుండా, వాళ్ళ నోటితోనే వాళ్ళ కారణాలు చెప్పించడం అందులో ముఖ్యం. తర్వాత అది అన్ని రకాల అలవాట్లకూ పాకింది. 2015లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో రెండు నుంచి ఎనిమిదేళ్ళ లావు పిల్లల తల్లిదండ్రులతో మామూలు పిల్లల క్లినిక్కుల్లోనే ఈ పద్ధతిలో రెండేళ్ళపాటు మాట్లాడారు. డాక్టరు, పోషకాహార నిపుణులు ఇద్దరూ మాట్లాడిన కుటుంబాల్లో పిల్లల బీఎంఐ పర్సెంటైల్ (ఎత్తుకు తగిన బరువు లెక్కలో, అదే వయసు వందమంది పిల్లల్లో ఎన్నో స్థానమో చెప్పే అంకె) సగటు 87కు వచ్చింది, మామూలు వైద్యం అందిన వాళ్ళలో 90 దగ్గర ఉంది. తేడా కొంచెమే. కానీ మాట్లాడింది పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతో. నాకు ఆ అధ్యయనంలో నచ్చింది అదే.

మన భాషలో అది ఇలా ఉంటుంది. మొదట అనుమతి: "బాబు తిండి గురించి ఒక మాట మాట్లాడుకుందామాండి?" ఎవరూ వద్దనరు, కానీ అడిగినందుకు వాళ్ళు కాస్త నిటారుగా కూర్చుంటారు. తర్వాత, "మీరు ఏదైనా ఒక్కటి మార్చాలనుకుంటే ఏది మారుస్తారు?" ఆ ఒక్కటి వాళ్ళే చెప్పాలి. తర్వాత, "అది చేయగలనని మీకు పదికి ఎన్ని మార్కుల నమ్మకం ఉంది?" నాలుగు అన్నారనుకోండి. ఇక్కడ మనందరికీ 'ఎందుకంత తక్కువ' అని అడగాలనిపిస్తుంది. అలా అడిగితే సాకులు చెబుతారు. "సున్నా వేయకుండా నాలుగు ఎందుకు వేశారండి?" అని అడగండి. అప్పుడు వాళ్ళ బలం చెబుతారు. "మొన్న వాళ్ళ బాబాయి ఊళ్ళో లేనప్పుడు వారం రోజులు కూల్ డ్రింకు అడగలేదండి" అంటారు. మీకు దారి దొరికినట్టే, బాబాయితో మాట్లాడాలి. ఏడు కంటే తక్కువ మార్కులు వస్తే ఆ మార్పును ఇంకా చిన్నది చేయాలి. రోజూ కాకుండా వారానికి మూడు రోజులు, లేదా పెద్ద సీసా బదులు చిన్నది.

ఏ ఒక్కటి అన్నది వాళ్ళే చెప్పాలన్నాను కదా. కానీ వాళ్ళకు తోచకపోతే మనం రెండు మూడు ముందు పెట్టాలి. నేను ఎక్కువగా పెట్టేది తాగేవి. అవి తీసేయడం సులువు, ఫలితం పెద్దది. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, ఐదారు చెంచాలు. కలిపే చక్కెర రోజు శక్తిలో పది శాతం దాటకూడదని, ఐదు లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజుకు 1700 క్యాలరీలు కావలసిన ఏడెనిమిదేళ్ళ బిడ్డకు ఆ ఐదు శాతం అంటే 21 గ్రాములు. ఒక్క చిన్న సీసాతో అది దాటిపోయింది. ఇది మాటల్లో చెప్పకండి. మీ టేబుల్ మీద ఒక గాజు గ్లాసు, చక్కెర డబ్బా పెట్టుకుని, ఆ మామ్మనే చెంచాలు లెక్కపెట్టి వేయమనండి. నాలుగో చెంచాకే ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. పాలల్లో కలిపే పొడుల సంగతీ అంతే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను వాటిని 'హెల్త్ డ్రింక్' అన్న వరుసలోంచి తీసేయమంది, ఆహార భద్రతా చట్టంలో అలాంటి రకమే లేదు కాబట్టి. ఆ సంగతి చెబితే చాలామంది తల్లులు ఆశ్చర్యపోతారు. నెలకు నాలుగైదు వందలు పోస్తున్నారు పాపం. మన ఊళ్ళో మజ్జిగ ఉంది, కొబ్బరిబోండాం ఉంది.

అన్నం జోలికి మాత్రం వెళ్ళకండి. వరి పండించే డెల్టాలో అన్నం తగ్గించమని చెప్పిన డాక్టరు ఆ ఇంటికి పరాయివాడైపోతాడు. అన్నం అలాగే ఉంచి, కూర గరిటె ఇంకొకటి వేయమనండి. మన పిల్లల కంచాల్లో అసలు లోటు అక్కడుంది. పప్పూ నెయ్యీ ఒక ముద్ద, తర్వాత బంగాళదుంప వేపుడు, తర్వాత పెరుగు. ఆకుకూర, చేప, గుడ్డు కనిపించవు. ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దవాళ్ళే అంటారు. "మిగతా నెలల్లో కూడా వారానికి ఒకసారి మునగాకు పప్పు పెట్టండి మామ్మగారూ" అంటే అది డాక్టరు సలహాలా ఉండదు, ఆవిడ మాటే ఆవిడకు చెప్పినట్టు ఉంటుంది. ముల్లు భయంతో చేప పెట్టని ఇళ్ళు చెరువుల ప్రాంతంలోనే ఎన్నో చూశాను. చేపల్ని లారీలకెత్తే తండ్రి బిడ్డకు వారంలో ఒక్కసారి కూడా చేప పడదు. ముల్లు తీసి పెట్టే ఓపిక మామ్మకే ఉంటుంది, ఆ పని ఆవిడకు గౌరవంగా అప్పగించాలి. గుడ్డు ఖరీదంటారా, పది రూపాయల చిప్స్ పేకెట్ డబ్బుతో గుడ్డు వస్తుంది.

ప్రభుత్వ బడి పిల్లలైతే మధ్యాహ్న భోజనం తింటున్నారా లేదా అడగడం మర్చిపోకండి. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మన లంకల గన్నవరంలో వందేళ్ళకు పైగా క్రితం వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి. అయినా బడిలో తినడం చిన్నతనమని క్యారేజీ పంపే ఇళ్ళు ఉన్నాయి. ఆ క్యారేజీలో పులిహోరో, వేపుడు అన్నమో ఉంటుంది. బడిలో ఇచ్చే గుడ్డు, చిక్కీ, రాగిజావ వదిలేసుకుంటున్నామని వాళ్ళకు తట్టదు.

ఆటల గురించి అందరికీ ఒకే మాట చెప్పలేం. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సగటున రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర ఆ గంట నెలను బట్టి మారుతుంది. దాళ్వా (రెండో వరి పంట) కోతలు అయిపోయాక, కాలవలు కట్టేశాక, ఏప్రిల్, మే నెలల్లో చేలన్నీ క్రికెట్ మైదానాలే. ఎండ తగ్గాక పంపించండి అంటే చాలు. జూన్, జూలై వచ్చి నీళ్ళు వదిలాక ఊడ్పులు మొదలవుతాయి, కాలవ నిండుగా ఉంటుంది, లంకల్లో వరద భయం. అప్పుడు 'బయట ఆడించండి' అంటే ఏ మామ్మా వినదు, వినకూడదు కూడా. ఈత రాని పిల్లలను కాలవ గట్టున పెద్దవాళ్ళు లేకుండా ఆడుకోమని నేనెప్పుడూ చెప్పను. ఆ నెలల్లో గుడి మంటపం, కల్లం గచ్చు, డాబా మీద తాడాట, అమ్మాయిలకైతే తొక్కుడుబిళ్ళ. అమ్మాయిల సంగతి ప్రత్యేకంగా అడగండి. పదేళ్ళు దాటాక వాళ్ళ ఆట పూర్తిగా ఆగిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. ట్యూషన్ రాత్రి ఎనిమిదిదాకా ఉంటే ఆటకు గంట ఎక్కడిదని తల్లి అడిగితే ఆవిడది న్యాయమైన ప్రశ్నే. అలాంటప్పుడు ట్యూషన్‌కు నడిపించడమో, సైకిలో.

నిద్ర గురించి మనం ఎవరం అడగం. ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి. ఇంట్లో టీవీ పదకొండుదాకా నడుస్తుంటే బిడ్డ ఎలా పడుకుంటాడు? పొద్దున ఆరున్నరకు బడి బస్సు. నిద్ర చాలని బిడ్డకు పొద్దున ఆకలి ఉండదు, పదకొండుకు బిస్కెట్లు కావాలి. తిండి అని మనం అనుకున్న సమస్య చాలాసార్లు నిద్రది.

సన్నగా, పాలిపోయి ఉన్న పిల్లల దగ్గరకొద్దాం. దేశం మొత్తం మీద 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో లావు పిల్లలు 3.4 శాతం, అంతకు ముందు సర్వేలో 2.1. కాబట్టి ఒకే ఓపీలో రెండూ చూస్తాం, ఒక్కోసారి ఒకే ఇంట్లో. ఈ పిల్లల తల్లులే "ఏమీ తినదండి" అని టానిక్ అడుగుతారు. వీళ్ళనూ అదే ప్రశ్న అడగండి: చేతికి ఏది ఎవరిస్తారు? ఆరేళ్ళ పాపకు పొద్దున టీ, పదింటికి బిస్కెట్లు, మధ్యాహ్నం రెండు ముద్దలు, నాలుగింటికి మళ్ళీ టీ, రాత్రి సీసా నిండా పాలు. ఆకలి వేయడానికి కడుపు ఖాళీ ఎప్పుడైంది? పైగా టీ మనం ఇచ్చే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అలాంటి ఇంట్లో నేను అడిగేది ఒక్కటే, భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ వద్దు. పాలు భోజనం తర్వాత, గ్లాసులో, రోజుకు రెండు గ్లాసులు దాటకుండా. ఐరన్ సిరప్పు, బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ మాత్ర, పదేళ్ళు దాటాక నీలం మాత్ర, ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర వేసుకుంటున్నారో లేదో ఆశా కార్యకర్తను అడిగితే మీకంటే బాగా చెబుతుంది. మాత్ర జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి పారేసే పిల్లలు తక్కువేం కాదు.

మూడు నిమిషాల సంగతి. నిజమే, మీకు అంతకంటే దొరకదు. 2017లో అమెరికా నిపుణుల బృందం ఒకటి లెక్కగట్టింది, లావు పిల్లల్లో ఫలితం కనిపించాలంటే ఏడాదిలోపు కనీసం 26 గంటలు ఆ కుటుంబంతో గడపాలని. మన దగ్గర ఏ డాక్టరూ అంత సమయం ఇవ్వలేడు. కానీ అందులో మనకు పనికొచ్చే సంగతి ఉంది. ఒక్కసారి ఎంత బాగా చెప్పినా సరిపోదు, చాలాసార్లు కలవాలి. కలిసేది మీరే కానక్కర్లేదు. మీరు ఆ ఒక్క మార్పు కుదిర్చి చీటీ మీద రాసి ఇవ్వండి. ఎంఎల్‌హెచ్‌పీ మిగతా పది నిమిషాలు మాట్లాడతారు. వారంలోపు ఆశా ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్క మాట అడుగుతుంది. అంగన్‌వాడీ టీచరు బరువు చూస్తుంది. బుధవారం, శనివారం టీకాల రోజుల్లో చిన్న తమ్ముడి టీకాకు వచ్చినప్పుడు అన్న సంగతి అడగొచ్చు. ఐదారేళ్ళ డీపీటీ బూస్టర్, పదేళ్ళ టీడీ, ఇవన్నీ మనం సూది వేసి పంపేసే రోజులు. ఎత్తూ బరువూ చూసి ఒక్క ప్రశ్న అడగడానికి అంతకంటే మంచి రోజు లేదు. అందరూ అదే ఒక్క మార్పు గురించి అడగాలి. ఏఎన్ఎం కూల్ డ్రింకు అని, ఆశా ఆకుకూర అని, మీరు ఫోను అని తలో మాట అంటే ఆ ఇల్లు ఏదీ చేయదు.

మీ సిబ్బందికి ఒకటి గట్టిగా చెప్పండి. బిడ్డ ముందు "అబ్బో, ఎంత లావయ్యాడో" అనకూడదు, నవ్వకూడదు. బరువు చూసి, పైకి చదవకుండా రాయాలి. "వినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా" అన్నది ఎవరి నోటా రాకూడదు. ఇక్కడ బొద్దుగా ఉండటం అందం, సన్నబడితే దిష్టి తగిలిందంటారు. ఆ మామ్మ నమ్మకాన్ని వెక్కిరించకండి. దిష్టి తీసుకోమనండి, తీసుకున్నాక ఆ కూల్ డ్రింకు సీసా మాత్రం ఇవ్వొద్దనండి.

సంక్రాంతికి అన్నీ తలకిందులవుతాయి, దానికి సిద్ధంగా ఉండండి. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, హైదరాబాద్ నుంచి వచ్చిన మేనత్తలు తెచ్చే చాక్లెట్లు. డిసెంబరులోనే చెబుతాను, "పండగ నాలుగు రోజులూ ఏమీ లెక్కపెట్టొద్దు. ముక్కనుమ మర్నాడు మళ్ళీ మొదలుపెడదాం, ఆ వారంలో నాకు కనిపించండి" అని. ముందే చెబితే, తప్పిపోయామని సిగ్గుపడి మొహం చాటేయరు. ఇంతకుముందు అలా చాలామందిని పోగొట్టుకున్నాను.

అలవాట్లతో తేలనివి కొన్ని ఉంటాయి, వాటిని ఆలస్యం చేయకండి. బాగా దాహం, రాత్రిళ్ళు మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గుతున్న బిడ్డకు అదే రోజు షుగరు చూడండి. లావుగా ఉండి ఎత్తు పెరగని బిడ్డకు థైరాయిడ్ చూడండి. రాత్రి గట్టిగా గురక పెట్టి ఊపిరి ఆగినట్టయ్యే వాళ్ళను, హిమోగ్లోబిన్ ఐదేళ్ళలోపు 7 కంటే, ఐదేళ్ళు దాటాక 8 కంటే తక్కువ ఉన్నవాళ్ళను, దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపు ఉన్న, ఆరు నెలలు నిండిన ఐదేళ్ళలోపు బిడ్డను పై ఆసుపత్రికి పంపించండి.

ఇక టానిక్. ఆకలి పుట్టించే ఆ సిరప్పుల్లో చాలావరకు ఉండేది ఒక రకం అలెర్జీ మందు. మగత తెప్పిస్తుంది, వాడినన్నాళ్ళు కొంచెం తింటారు, ఆపగానే మళ్ళీ మామూలే. నేను రాయను. కానీ ఖాళీ చేతులతో కూడా పంపను, అలా పంపితే ఆ తల్లి పక్క ఊళ్ళో కొనుక్కుంటుంది. ఒక చీటీ మీద, మందు రాసినట్టే, పెద్ద అక్షరాలతో రాస్తాను: "మామ్మగారు: రాత్రి అన్నంలో కూర రెండు గరిటెలు. టీ భోజనానికి గంట తర్వాత. మళ్ళీ చూసేది: మామ్మగారి బీపీ మాత్రల రోజు." కింద సంతకం పెట్టి ముద్ర వేస్తాను. ఆ చీటీని గోడ క్యాలెండర్‌కు గుచ్చుకున్న ఇళ్ళు చూశాను. వచ్చే బుధవారం టీకాల రోజున ఒక్క ఐదు కుటుంబాలతో మొదలుపెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు. మూడు నెలలయ్యాక ఆ ఐదుగురి సంగతీ, ఎక్కడ ఆగిపోయిందో ఆ సంగతీ రాయండి. చదివి జవాబిస్తాను.